టీచరమ్మ కారులోని రెండు గేర్లు

ఎనిమిదేళ్లుగా నేను మోస్తున్న బరువును తక్కెడలో వేస్తే కిలో కూడా తూగదు. రెండు చిన్న గేర్లు. రెండూ కలిపి నా దోసిట్లో పడతాయి. ఒక్కోదానికి పది పళ్లు. కానీ వాటిని తలుచుకోని ఆదివారం లేదు. ప్రార్థనలో కళ్లు మూసుకోగానే అవి వచ్చి ఎదురుగా తిరుగుతాయి. తిరగడం వాటి పని కదా, తిరుగుతాయి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నేను మాటల మనిషిని కాను. ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి తలుపు వెనక్కి పోయే రకం. డైరీ రాస్తాను. అందులో వానలున్నాయి, చదివిన నవలల మీద నా తీర్పులున్నాయి, చర్చిలో మా మామ తప్పిన శ్రుతులున్నాయి. ఈ సంగతి మాత్రం లేదు. ఆనాటి పేజీలో "ఎండ ఎక్కువ" అని రాసి మూసేశాను. తన డైరీకే అబద్ధం చెప్పే మనిషి ఇంకెవరికి నిజం చెబుతుంది?

మొదటి నుంచి చెబుతాను.

వరంగల్ స్టేషన్ దాటాక మా నాన్నకు ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక లేతు మిషను, ఒక మిల్లింగు మిషను, మూలకు ఇటుకలతో కట్టిన భట్టీ. పిండి గిర్నీలకు, మోటార్లకు అరిగిపోయిన గేర్లు మళ్లీ కోసి ఇవ్వడం ఆయన పని. దాంతో మా ఇల్లు గడుస్తుంది. పాత కార్లు మాత్రం ఆయన సరదా. ఎక్కడా దొరకని సామాను ఎవరైనా తెచ్చి బల్ల మీద పెడితే ఆయన ముఖం పండగ ముఖమైపోతుంది. అందరూ దాసన్న అంటారు.

ఎనిమిదేళ్ల కిందట ఒకరోజు యాకూబ్ చిచ్చా వచ్చాడు. కాశిబుగ్గలో ఆయనకు ఒక ఆకుపచ్చ కారు ఉండేది. ఇంగ్లండులో తయారైనది, నాన్న పుట్టకముందుదట. పెళ్లిళ్లకు అద్దెకు తిప్పేవాడు. తానే డ్రైవరు, తానే మెకానిక్కు. ఊళ్లో సగం మంది పెళ్లికొడుకులు ఆ కారు ఎక్కినవాళ్లే. అది ఒక పెళ్లి బారాత్ మధ్యలో, బ్యాండు మోగుతుండగా, మలుపు తిరగబోయి వెనకాల ఫట్‌మని ఆగిపోయింది. పెళ్లికొడుకు దిగి ముఖం మీది పూల సెహ్రా ఎత్తిపట్టుకుని కారును నెట్టాడట. ఆ సంగతి చెబుతూ యాకూబ్ చిచ్చా సగం నవ్వాడు, సగం ఏడ్చాడు. పెళ్లిళ్ల కాలం ముందుంది. కారు లేకపోతే ఇంట్లో పొయ్యి లేదు.

పోయినవి స్టార్ గేర్లు. వెనక యాక్సిల్ మధ్యలో, రెండు చక్రాలకూ నడుమ ఉంటాయి. అవేం చేస్తాయని నేను అడిగితే నాన్న చెప్పిన మాట నాకింకా గుర్తుంది.

"మట్టల ఆదివారం ఊరేగింపు చూసినవ్ గదా బిడ్డా. వరుస మలుపు తిరిగేటప్పుడు లోపటోళ్లు ఆడ్నే అడుగులేస్తరు, బయటోళ్లు ఉరుకుతరు. కారు చక్రాలు గుడ గంతే. ఇద్దరికి నడుమ రాజీ చేసేటియి ఈ రెండు. సీదా తొవ్వల ఊకె కూసుంటయ్. మలుపు వచ్చిందంటే వీటి పని."

మలుపు వచ్చిందంటే వాటి పని. ఈ ఒక్క మాట తర్వాత నన్ను ఎంత ఏడిపించిందో చెబుతాను.

యాకూబ్ చిచ్చా తెచ్చిన గేర్లకు పళ్లే మిగల్లేదు. వాటిని చూసి కొత్తవి చేయడం కుదరదు, పన్ను ఆకారం తెలియాలి. నాన్న హైదరాబాదు పోయి పాత సామాన్ల బజార్లన్నీ తిరిగాడు. ఒక దుకాణంలో, "అన్నా, నీ కారు ఇంక బతికున్నది గని, దాని కంపెనీ ఎప్పుడో సచ్చిపోయింది" అన్నారట. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అప్పుడు మా మేనమామ సామేలు అన్నం తింటూ తింటూ, "బావా, హసన్‌పర్తి టీచరమ్మ కొట్టంల అసుంటి కారే ఉన్నది. కోళ్లు పండుకుంటయ్ దాంట్ల" అన్నాడు. మామ అక్కడి చర్చిలో పాడతాడు. ఆదివారం గుడ్ల కూర ఎక్కడ దొరుకుతుందో ఆయనకు బాగా తెలుసు.

మరునాడే వెళ్లాం. నన్నెందుకు తీసుకెళ్లారంటే, టీచరమ్మకు మగవాళ్లు కారు చుట్టూ తిరిగితే కోపం వస్తుందని మామ చెప్పాడు. ఆమె రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆమె భర్త డాక్టరు. దేశం విడిచి పోతున్న ఒక దొర దగ్గర ఆ కారు కొన్నాడు. ఆయన పోయాక కారు కొట్టంలో నిలిచిపోయింది. వెనక సీటు మీద ఒక పెట్ట పొదుగుతోంది. మమ్మల్ని చూసి కారు దానిదే అన్నట్టు అరిచింది.

"అమ్మను" అన్నారు టీచరమ్మ, నాన్న నోరు తెరవకముందే.

"కొననమ్మా. ఆ రెండు గేర్లు జర నమూనాకిస్తే చాలు. సూసి చేసుకుంట, మల్ల మీవి మీకు పెడ్త."

"మల్ల నావే పెట్టాలె. కొత్తవి చేసి నాకు పెట్టి, నావి ఇంకోనికి ఇచ్చుడు గాదు. డాక్టరుగారు కాన్పులకు పోయిన తొవ్వలన్ని అవ్వే తిరిగినయ్. నా వస్తువు నాకే రావాలె."

"మాట" అన్నాడు నాన్న. అంతే. ఆయన ఒట్లు పెట్టడు.

ఆ రోజే ఆమె నన్ను లోపలికి పిలిచి, ఏమైనా చదువుతావా అని అడిగారు. తల ఊపాను. ఆమె బీరువా తెరిచారు. ముందు వరుసలో కీర్తనల పుస్తకాలు, వెనక వరుసలో డిటెక్టివ్ నవలలు. "హెడ్మిస్ట్రెస్ ఇవి చదువుతదంటే పిల్లలు నవ్వుతరు. ఎవ్వలికి చెప్పకు" అని ఒకటి నా చేతిలో పెట్టారు. ఇంత పెద్దమనిషి నాకొక రహస్యం చెప్పారని పొంగిపోయాను. ఆ నవలే కొంప ముంచింది.

నాన్న ఎంత ఇష్టంగా చేశాడో ఆ గేర్లను! రేకు ముక్క కత్తిరించి పన్ను సందులో ఆనించేవాడు, వెలుగుకు పట్టి చూసేవాడు, సందులోంచి సన్నటి గీతంత వెలుతురు కనబడినా మళ్లీ అరగదీసేవాడు. పళ్లు కోయడం అయ్యాక మిగిలింది గట్టిపరచడం. గేర్లను బొగ్గుపొడి, బొమికల పొడితో కలిపి ఒక ఇనుప డబ్బాలో పెట్టి, సందులు మట్టితో మూసి, పొద్దంతా భట్టీలో కాల్చాలి. అప్పుడు పైపొర బొగ్గును పీల్చుకుని గట్టిపడుతుంది. లేకపోతే మెత్తటి ఇనుమే, నాలుగు మలుపులకు పళ్లు రాలిపోతాయి.

ఆ రోజు నాన్నకు పొద్దున్నుంచే ఒళ్లు కాలిపోతోంది. డబ్బా భట్టీలో పెట్టి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "డబ్బ పండు మిరపకాయ రంగుల ఉండాలె. రంగు తగ్గిందంటే బొగ్గెయ్యి, గాలి కొట్టు. గంతే పని" అని చెప్పి, లోపల దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

అంతే పని. అది నాతో కాలేదు.

ఒళ్లో టీచరమ్మ నవల ఉంది. జమీందారు ఇంట్లో హారం పోయింది. దొంగ వంటమనిషి అనుకున్నాను, కాదు. మేనల్లుడు అనుకున్నాను, కాదు. మధ్యలో రెండుసార్లు లేచి బొగ్గు వేశాను. తర్వాత వేయలేదు. చివరి అధ్యాయాల్లో ఎవరైనా లేస్తారా? దొంగ దొరికాక తల ఎత్తి చూస్తే డబ్బా పండు మిరపకాయ రంగులో లేదు. ఎండు మిరపకాయ రంగులో కూడా లేదు. నల్లగా, మాడిన తాలింపులా ఉంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో నాకు తెలియదు. గబగబా బొగ్గు కుమ్మరించాను, చేతులు పడిపోయేలా గాలి కొట్టాను. సాయంత్రానికి మళ్లీ ఎర్రబడింది. నాన్న దుప్పటి కప్పుకునే లేచి వచ్చాడు. రంగు చూశాడు. "శభాష్" అన్నాడు.

ఆ శభాష్ దగ్గరే నిజం చెప్పేస్తే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? తిడతాడనా? నాన్న నన్ను ఎప్పుడూ తిట్టలేదు. అదే కారణమేమో. మొదటి తిట్టు ఎలా ఉంటుందో తెలియక భయపడ్డాను.

ఆయన గేర్లను తీసి నూనెలో ముంచాడు. ఒకదాని మీద ఆకురాయి పెట్టి గీశాడు, మళ్లీ గీశాడు. ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. గట్టిపడిందన్నమాట. రెండోది చూడకుండానే వెళ్లి పడుకున్నాడు. మరునాడు దవాఖానలో చేర్చాం. టైఫాయిడు. చాలా రోజులు అక్కడే ఉన్నాడు.

నాకు మనసు ఆగలేదు. రెండో గేరును తీసి నేనే ఆకురాయితో గీశాను. గీత పడింది! నల్లటి ఇనుము మీద వెండిలా మెరుస్తూ ఒక గీత. మెత్తగా ఉంది. నా నవల వల్ల మెత్తబడింది. ఒకటి పోతే జత పోయినట్టే. ఇది యాకూబ్ చిచ్చా కారులోకి పోతుంది, మొదటి మలుపులోనే ఏ పెళ్లికూతురినో దింపి నెట్టిస్తుంది. ఊరంతా దాసన్న పేరు చెప్పి నవ్వుతుంది.

పక్కనే బల్ల మీద టీచరమ్మ అసలు గేర్లున్నాయి. యాభై ఏళ్ల కిందటి కంపెనీ గేర్లు, కిరోసిన్‌లో కడిగినవి.

ఇక్కడ నా ఆలోచన ఎంత తెలివిగా నడిచిందో చూడండి. అప్పుడు చాలా తెలివిగానే అనిపించింది. యాకూబ్ చిచ్చా కారు రోజూ తిరుగుతుంది. టీచరమ్మ కారు ఎక్కడికీ పోదు. దాంట్లో కోళ్లుంటాయి. కోళ్లు మలుపులు తిరగవు. కాబట్టి గట్టివి ఆయనకు, మెత్తవి ఆమెకు. ఎవరికీ నష్టం లేదు. నష్టమైతే ఆమెకిచ్చిన మాటకు, ఆ మాట కూడా నాది కాదు, నాన్నది. ఇలా అనుకున్నాను. అసలు గేర్లను నూనె గుడ్డలో చుట్టి యాకూబ్ చిచ్చాకు ఇచ్చాను. నాన్న చేసిన వాటికి గుర్తుపట్టలేనంత గ్రీజు పూసి డబ్బాలో పెట్టాను.

యాకూబ్ చిచ్చా గుడ్డ విప్పి ఎండలో పట్టి చూశాడు. "బేటీ, ఇవ్వి పాతవాటి తీర్గ నున్నగున్నయేంది?"

"నాయిన రాపిడి పెట్టిండు చిచ్చా" అన్నాను నేల చూస్తూ.

"కమాల్! మా ఉస్తాద్ గుడ ఇట్ల జెయ్యలేకపోతుండె. నువ్వు ఫికర్ చెయ్యకు, నేనే ఎక్కించుకుంట. దాసన్నను మంచిగ పండుకోమను."

టీచరమ్మ గేర్లు ఎక్కించడానికి మామ వచ్చాడు. ఆయన పాట పాడుకుంటూ చేతి తడుముడుతోనే పని చేస్తాడు. "ఏందే కోడలా, గింత గ్రీజు? పూరీలు గాలుస్తవా?" అన్నాడు. తుప్పు పట్టకుండా అన్నాను. సరే అన్నాడు. ఆయన ధ్యాస వంటింట్లోంచి వచ్చే వాసన మీద ఉంది.

అప్పుడు టీచరమ్మ బయటికి వచ్చారు. మామ చేతిలోని గేర్లను కళ్లద్దాల్లోంచి చూశారు. మామను అడగలేదు, నన్ను అడిగారు.

"ఇవి నావేనా బిడ్డా?"

"మీవే టీచరమ్మా."

తల ఎత్తలేకపోయాను. కాలి బొటనవేలితో మట్టి మీద ఏదో గీస్తున్నాను. ఆమె కాసేపు నన్నే చూసి నవ్వారు. "గిన్ని నవలలు చదివిన, నాకు దెల్వదా? అబద్ధమాడేటోళ్లు కండ్లల్ల కండ్లు వెట్టి చెప్తరు. ఇట్ల నేల చూసేటోళ్లు నిజమే చెప్తరు. బిగియ్యి సామేలూ."

నా సిగ్గు నాకు సాక్ష్యం చెప్పింది. నేనెన్నడూ గర్వపడని గుణం, ఆ ఒక్క రోజు దొంగకు వకీలుగా నిలబడింది. నవల మార్చుకుని ఇంటికి వచ్చాను.

నాన్న దవాఖాన నుంచి వచ్చేసరికి ఆయన పేరు ఆయనకంటే ముందే కాశిబుగ్గ అంతా తిరిగొచ్చింది. యాకూబ్ చిచ్చా పండ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"దాసన్నా, గేర్లు చేసినవంటే చేసినవ్ గని, ఎనుక కంపెనీ నంబరు గుడ కొట్టినవు సూడు! దునియాల ఎవ్వడన్న కొడ్తడా?"

నేను తలుపు వెనక ఉన్నాను. నంబరా? గేరు వెనకవైపు నంబరుందని నేను చూడనేలేదు. నాన్న యాకూబ్ చిచ్చా వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు. "నంబరు కొట్టిన్నా?"

"జరంల యాది లేదేమో నాయినా" అన్నాను. తలుపు వెనక నుంచే. అతిథుల ముందు నేనుగా నోరు విప్పడం అదే మొదటిసారి కావచ్చు.

"గంతే అయ్యుంటది" అన్నాడు నాన్న. తర్వాత ఇద్దరూ నవ్వారు.

ఆ నంబరు ముచ్చట ఊళ్లో కథ అయిపోయింది. జనగామ నుంచి, కరీంనగర్ నుంచి పాత కార్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. నంబరు కూడా కొట్టాలని అడిగేవాళ్లు. "నంబరు జరమొస్తేనే కొడ్త" అనేవాడు నాన్న. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూ నాన్న ముఖం చూసేదాన్ని. ఆయన నా ముఖం చూసేవాడు కాదు.

ఇక్కడితో ఆగినా నేనెలాగో బతికేదాన్ని. కానీ టీచరమ్మ కాళ్లు నొప్పులంటూ చర్చికి నడవలేకపోతున్నారు. యాకూబ్ కారు అంత బాగా నడుస్తుంటే తన కారు ఎందుకు నడవకూడదని ఆమెకు తోచింది. నాన్న ఇంజను విప్పి బాగుచేశాడు. కోళ్లను దింపారు. పెట్ట వారం రోజులు కారు చుట్టూ తిరిగి అలిగింది. క్రిస్మస్ నాడు మామ డ్రైవింగు, టీచరమ్మ ముందు సీటు. నాన్న ఇంజను గురించి మాట్లాడుతున్నాడు. నేను మాత్రం వెనక ఉన్న రెండు గేర్ల గురించి ఆలోచిస్తున్నాను.

"నేనూ వస్త" అన్నాను.

అది విరిగితే నేను అందులో ఉండాలి. అది ప్రాయశ్చిత్తమో, పిచ్చో. అప్పటి నుంచి ఆ కారు ఎప్పుడు కదిలినా నేను అందులో ఉన్నాను. హసన్‌పర్తి నుంచి హనుమకొండకు ఎన్ని మలుపులో నాకు తెలుసు. ప్రతి మలుపులోనూ కళ్లు మూసుకుని, ఊపిరి బిగపట్టి, వెనక నుంచి ఫట్‌మనే చప్పుడు కోసం వినేదాన్ని. మామ హారన్ కొట్టినా ఉలిక్కిపడేదాన్ని. టీచరమ్మ అద్దంలో చూసి, "ఈ పిల్లకు కారు షికారంటే ఎంత సంబురమో! కండ్లు మూసుకొని ఆనందిస్తది" అనేవారు. ప్రతి షికారుకూ ఒక నవల ఇచ్చేవారు. అలా ఆమె బీరువాలోని వెనక వరుస మొత్తం చదివాను. ఇంత సుఖమైన శిక్ష ఇంకెవరికైనా పడిందా?

ఇక మేడారం జాతర. టీచరమ్మ ఇంట్లో పనిచేసే లచ్చవ్వకు మొక్కు ఉంది. మనవడి ఎత్తు బెల్లం, వాళ్ల మాటలో బంగారం, అమ్మవార్లకు సమర్పించాలి. కారులో పోదామన్నారు టీచరమ్మ. చర్చి పెద్దమనిషి ఎవరో ఆక్షేపించారట. "మొక్కు లచ్చవ్వది, కారు నాది. ఇందుల తకరారేంది?" అని ఆమె బయల్దేరారు. కారు నిండా బెల్లం, మనుషులు, పైన ఒక కోడి. అడవి దారి పొడుగునా మలుపులే. నేను దాదాపు దారంతా కళ్లు మూసుకునే ఉన్నాను. జంపన్న వాగు దగ్గర ఇసుకలో కారు దిగబడింది.

మామ ఇంజను గట్టిగా తొక్కాడు. ఒక చక్రం ఇసుకలో గిర్రున తిరుగుతోంది, రెండోది కదలడం లేదు. నాన్న చెప్పిన ఊరేగింపు గుర్తొచ్చింది. ఒకవైపు వాళ్లు పిచ్చిగా ఉరుకుతున్నారు, మరోవైపు వాళ్లు నిలబడిపోయారు, మధ్యలో రాజీ చేసే ఆ రెండు మెత్తటి గేర్లు ఎంత వేగంగా తిరుగుతూ ఉండాలి!

"ఆపు మామా! ఆపు!" అని అరిచాను. జాతరలో డప్పుల మోతను మించి వినబడింది.

అందరూ నావైపు చూశారు. టీచరమ్మ ముందు నవ్వారు. "నీకు గొంతున్నదే! ఏమైందే?"

"టీచరమ్మా... ఆ గేర్లు..."

"గేర్లకేమైంది?"

నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది.

"...మంచిగున్నయ్" అన్నాను.

లచ్చవ్వ పడీ పడీ నవ్వింది. అందరం దిగి చక్రం కింద తడకలు వేసి నెట్టాం. కారు బయటికి వచ్చింది. వెళ్లాం, వచ్చాం. ఏదీ విరగలేదు. ఎందుకు విరగలేదు? ఆ రాత్రి డైరీలో ఈ ప్రశ్న మాత్రమే రాసుకున్నాను, దేని గురించో రాయకుండా.

జవాబు కిందటేడు దొరికింది. షెడ్డులో నాన్న ఒక గిర్నీ గేరును నూనెలోంచి తీశాడు. మామ ఆకురాయితో గీసి, "బావా, గీత వడ్డది, మెత్తగున్నది" అన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"పిచ్చోడా" అన్నాడు నాన్న. "అది పైన పట్టిన నల్ల పొట్టు. కాల్చినప్పుడు పడ్తది. దాన్ని గీకితే మెరుస్తది. ఇంకోపాలి అదే జాగల గియ్యి."

మామ మళ్లీ గీశాడు. ఆకురాయి జారిపోయింది.

టీ ఒలికింది. నేనొక్కసారే గీశాను. ఒకే ఒక్కసారి. రెండోసారి అదే చోట గీసి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. నాన్న గేర్లు మొదటి నుంచీ గట్టివే. నవల చదివినా, మంట తగ్గినా, తర్వాత ఎర్రబడిన గంటలు వాటికి సరిపోయాయి. నేను నమ్మనిది ఇనుమును కాదు, నాన్న చేతులను. ఇన్నేళ్లూ మలుపుల్లో కళ్లు మూసుకున్నది ఎందుకు? నల్ల పొట్టు కోసం! వంటింట్లోకి పోయి నవ్వాను. నవ్వు ఆగాక తెలిసింది, ఇది నవ్వే సంగతి కాదని. గేర్లు మంచివైనంత మాత్రాన నా మాట మంచిదైపోతుందా? ఆమెవి ఆమెకు చేరలేదు కదా.

పోయిన వారం యాకూబ్ చిచ్చా వచ్చాడు. బల్ల మీద ఒక గుడ్డ విప్పాడు. విరిగిన రెండు గేర్లు.

"దాసన్నా, నీ గేర్లు పోయినయ్. ఎనిమిదేండ్లు నడిచినయ్ లే. అయినా నువ్వు చేసినవి జిందగీ భర్ ఉంటయనుకున్న." ఆయన మాటలో నిష్ఠూరం లేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది.

నాన్న ఒక ముక్కను తీసుకుని వెనక్కి తిప్పాడు. నంబరు చూశాడు. బొటనవేలితో ఆ అంకెల మీద రుద్దాడు. నేను లేతు మిషను పక్కన నిలబడి ఉన్నాను. ఇప్పుడు అంటాడు, ఇవి నేను చేసినవి కావు అని. అనాలని కోరుకున్నాను కూడా.

"నా పనే యాకూబ్ భాయ్" అన్నాడు. "ఎక్కడ్నో లోపం ఉండిపోయింది. మల్ల చేసిస్త. పైస తియ్యకు."

యాకూబ్ చిచ్చా వెళ్లాక ముక్కలను నా ముందుకు జరిపాడు. "జరం మంచిగనే వచ్చింది నాకు" అన్నాడు.

ఆయనకు ఎప్పటి నుంచి తెలుసు? ఆ రోజు మంచం మీద నుంచి పైకప్పు చూసినప్పటి నుంచేనా? నంబరు జరమొస్తేనే కొడతానని నవ్వించిన ప్రతిసారీ తెలిసే నవ్వించాడా? తెలిస్తే టీచరమ్మకు ఎందుకు చెప్పలేదు? నేనే చెబుతానని ఎదురుచూశాడా? మాట ఇచ్చింది ఆయన. తప్పించింది నేను. ఎనిమిదేళ్లు ఆ మాట తప్పినవాడిగా తానే ఉన్నాడు. ఇప్పుడు చేతకాని పనివాడిగా కూడా తానే నిలబడ్డాడు.

అందుకే ఇది రాస్తున్నాను. మీరెవరో తెలియదని మొదలుపెట్టాను, కానీ చెప్పాల్సినవాళ్ల పేర్లు నాకు తెలుసు. యాకూబ్ చిచ్చా, విరిగినవి మా నాన్న చేసినవి కావు. ఆయన చేసినవి హసన్‌పర్తిలో తిరుగుతున్నాయి, మేడారం ఇసుకలో గిర్రున తిరిగి కూడా ఒక్క పన్ను రాలలేదు. టీచరమ్మా, డాక్టరుగారి తొవ్వలన్నీ తిరిగిన గేర్లను నేను పెళ్లి కారుకు ఇచ్చాను. అవి మీకు తెలియకుండా ఊళ్లో ఎందరు పెళ్లికూతుళ్లను మోశాయో. ఇప్పుడవి ముక్కలు. ఆదివారం తెచ్చి మీ బల్ల మీద పెడతాను, ఈ కాగితాలు కూడా. ప్రతి నవలలోనూ దొంగను మీరు చివరి అధ్యాయానికి ముందే పట్టేస్తారు. ఈ ఒక్కసారి పట్టలేకపోయారు, దొంగ నేల చూస్తూ నిలబడింది కాబట్టి. ఈసారి తల ఎత్తి చెప్పాలని ఉంది. ఎత్తగలనో లేదో.

మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు. కారు ఎక్కనివ్వరేమో. నవలలు ఇవ్వరేమో. దానికి ఎక్కువ బాధపడతానని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఈ పొద్దున నాన్న యాకూబ్ చిచ్చా కోసం కొత్త గేర్లను డబ్బాలో పెట్టి, మట్టి పూసి, భట్టీలోకి తోశాడు. స్టూలు జరిపి నన్ను పిలిచాడు.

"నవల తెచ్చుకో" అన్నాడు. "మంట మాత్రం సూడు."

నవల తెచ్చుకోలేదు. ఈ కాగితాలు తెచ్చుకున్నాను. ఒక్కో పేరా రాసి లేస్తున్నాను, బొగ్గు వేస్తున్నాను, గాలి కొడుతున్నాను, మళ్లీ కూర్చుంటున్నాను. అందుకే అక్కడక్కడ అక్షరాలకు మసి అంటింది. చేతులు నొప్పిగా ఉన్నాయి. ఛాతీ తేలికగా ఉంది, ఇన్నేళ్లలో మొదటిసారి.

డబ్బా ఇప్పుడే చూసి వచ్చాను. పండు మిరపకాయ రంగులోనే ఉంది.